రెండు పెట్టెల అక్షరాలు

మొన్న కళ్ళజోడు బాగు చేయించుకుందామని గవర్నరుపేట వెళ్ళాను. పని అయ్యాక తిన్నగా బస్సెక్కి ఇంటికి రాకుండా పాత సందులోకి తిరిగాను. అక్కడ మేము పనిచేసిన ప్రెస్సు ఇల్లు పడగొడుతున్నారు. ముందు గోడ అప్పటికే పోయింది. లోపలి గది వీధిలోకి తెరుచుకుని నిలబడి ఉంది. మా ఆయన నిలబడే చోట, ఆయన భుజం ఎత్తున, గోడ మీద నల్లటి మరక అలాగే ఉంది. సిరా చేతులు తుడిచి తుడిచి పడ్డ మరక. తట్ట మోస్తున్న ఒకామె నన్ను చూసి, "పక్కకి జరుగు మామ్మా, పెళ్ళలు పడతాయి. నీ ఇల్లా ఏంటి?" అంది. ఇల్లు కాదమ్మా, పనిచేసిన చోటు అన్నాను. "ఏం పని?" అంది. అక్షరాలు ఏరే పని అన్నాను. "బియ్యంలో రాళ్ళు ఏరినట్టా!" అని నవ్వి వెళ్ళిపోయింది. ఆమె తప్పేం లేదు. నిజంగా అలాంటి పనే. కానీ ఆ దుమ్ములోంచి సీసం, కిరసనాయిలు కలిసిన వాసన ఒక్కసారి ముక్కుకి తగిలింది. ఇంటికొచ్చాక ఇదంతా ఎవరిచేతైనా రాయించాలనిపించింది.

నాకు రాయడం రాదు. సంతకం వచ్చు. చదవడం ఒక రకంగా వచ్చు, అదెలాంటిదో ముందుముందు చెబుతాను. నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు పద్మ రాస్తోంది. సీసం అక్షరాలు పోయాక మా ఆయన కంప్యూటరులో తెలుగు అక్షరాలు నిలబెట్టాలని పదేళ్ళు కష్టపడ్డాడు. అవి నిలబడితే తాను అక్షరాల మనిషిగా మిగులుతాడు, లేకపోతే లేదు. ఆయన లెక్క అంతే. ఆ పదేళ్ళ సంగతి ఎవరికీ తెలియదు. తెలిసినవాళ్ళం ఇద్దరమో ముగ్గురమో మిగిలాం.

మాది సముద్రపు ఒడ్డు ఊరు. పామర్రు దాటి ఇంకా కిందికి పోవాలి. మా నాన్న వేటకి వెళ్ళేవాడు, మా అమ్మ ఎండు చేపలు అమ్మేది. బళ్ళో రెండో తరగతి దాకా కూర్చున్నాను గానీ ఏమీ ఒంటబట్టలేదు. పెళ్ళయి బెజవాడ వచ్చినప్పుడు, నా బట్టల్లోంచి చేపల వాసన వస్తోందని ఇరుగుపొరుగు ముక్కు మూసుకునేవారు. మా ఆయన ఒంటి వాసన అంతకంటే ఘాటుగా ఉండేది. ఆయన ప్రెస్సులో కంపోజిటరు. అంటే సీసంతో పోతపోసిన అక్షరాలను ఒక్కొక్కటీ ఏరి, వరసగా పేర్చి, అచ్చుకి సిద్ధం చేసే మనిషి. ఇంటికి రాగానే మా అత్తగారు గుమ్మంలో నిలబెట్టి, చింతపండు పులుసుతో ఆయన చేతులు తోమించేది. "సీసం కడుపులోకి పోతే పేగులు నల్లబడతాయిరా. తోము, ఇంకా తోము, గోళ్ళ సందులు చూడు" అనేది. కొడుక్కి నలభై ఏళ్ళు వచ్చినా ఆ తోమించడం మానలేదు. ఆమె చుట్ట కాల్చేది. ఆ పొగ, ఆ పులుసు, కిరసనాయిలు అన్నీ కలిసి మా వసారా ఎప్పుడూ ఒక రకంగా ఉండేది. ఆ వాసన ఎక్కడైనా తగులుతుందేమోనని ఇప్పుడు నేను వెతుక్కుంటున్నాను.

పిల్లలు పుట్టలేదు. ఇంట్లో కూర్చుని ఏం చేస్తావు రమ్మని ఆయనే నన్ను ప్రెస్సుకి తీసుకుపోయాడు. అచ్చు అయిపోయాక పేర్చిన అక్షరాలన్నీ విడదీసి, కిరసనాయిలుతో కడిగి, ఏ అక్షరాన్ని ఆ అక్షరం గడిలో తిరిగి వేయాలి. అది నా పని. పెద్ద చెక్క పెట్టెలు, వాటిలో చిన్న చిన్న గళ్ళు. పై పెట్టెలో అక్షరాలు, కింది పెట్టెలో ఒత్తులు, దీర్ఘాలు, కొమ్ములు, సున్నాలు. సీసం అక్షరం అద్దంలో చూసినట్టు కుడి ఎడమై ఉంటుంది. నేను అక్షరాలు నేర్చుకున్నది అలాగే, తిరగేసి. గోడ మీద సినిమా బొమ్మ కింద రాసింది చదవమంటే తడబడేదాన్ని గానీ, సీసం ముక్క చేతికిస్తే కళ్ళు మూసుకుని వేలితో తడిమి చెప్పేదాన్ని. అచ్చువేసే ట్రెడిల్ మిషను తొక్కే మస్తాన్ నన్ను ఆటపట్టించేవాడు. "వదినా, నీకు ఉత్తరం రాయాలంటే అద్దం కూడా కవరులో పెట్టి పంపాలి" అనేవాడు. మా ఆయన నవ్వేవాడు కాదు. "నువ్వు నోరు మూసుకుని తొక్కరా. మీ వదిన గళ్ళల్లో ఒక్క అక్షరం తప్పు పడదు" అనేవాడు. నన్ను ఎవరైనా మెచ్చుకున్నారంటే అదొక్కటే, ఆ ఒక్క మాటే.

తరవాత కంప్యూటర్లు వచ్చాయి. పక్క సందులో ఒక గది తీసుకుని ఒక మనిషి కూర్చుంటే, మా ప్రెస్సు వారం రోజులు చేసే పని ఒక పూటలో చేసేస్తున్నాడు. మా ప్రెస్సు యజమాని ఏడాది చూశాడు, రెండేళ్ళు చూశాడు, చివరికి అక్షరాలను గోతాల్లో పోయించి కరిగించేవాళ్ళకి అమ్మేశాడు. నేను గడి గడిలో వేసిన అక్షరాలు ఒత్తులతో, సున్నాలతో కలిసిపోయి గోతాల్లోకి పోతుంటే మా ఆయన గడపలో కూర్చుని చూశాడు. తాటాకు పందిరి వేసే కాంట్రాక్టరు దగ్గర మేస్త్రీగా రమ్మని ఎవరో అడిగితే, "అక్షరం పని తప్ప నేను ఇంకోటి చేయను" అన్నాడు. కోపంగా అనలేదు. మెల్లిగా, భయపడినట్టుగా అన్నాడు. మస్తాన్ తెలివైనవాడు, పెళ్ళికార్డుల కొట్టు పెట్టుకున్నాడు. మా ఆయన మాత్రం నలభై అయిదేళ్ళ వయసులో కంప్యూటరు నేర్పే చోట పేరు రాయించుకుని, కాలేజీ పిల్లల పక్కన బల్ల మీద కూర్చున్నాడు. వాళ్ళు "అంకుల్, అంకుల్" అంటూ జరిగి చోటు ఇచ్చేవారు. ఇంగ్లీషు ఆయనకి అంతంత మాత్రం. ప్రోగ్రాము రాయడానికి వాడే ఇంగ్లీషు మాటలను అర్థంతో కాకుండా ఆకారంతో గుర్తుపెట్టుకునేవాడు, సీసం అక్షరాలను గుర్తుపెట్టుకున్నట్టే. ఒక చుక్క తక్కువైతే మొత్తం ఆగిపోయేది. పూటంతా వెతికి ఆ చుక్క దొరికాక, చంకల్లో చెమటతో ఇంటికొచ్చి, "ఈ రోజు ఒక చుక్క పెట్టానే" అని చెప్పేవాడు.

ఈ లోపల మా ఊరి నుంచి కబురొచ్చింది. మా పెదనాన్న కొడుకు నాంచారయ్య అక్కడ మత్స్యకారుల సంఘానికి కార్యదర్శి. సంఘానికి ఒక కంప్యూటరు ఇచ్చారట. కానీ సభ్యుల పాసు పుస్తకాలన్నీ అందులో ఇంగ్లీషులోనే వస్తున్నాయి. తన పుస్తకం ఏదో, పక్కవాడి పుస్తకం ఏదో చెప్పుకోలేక జనం బ్యాంకులో తలలు వంచుకు నిలబడుతున్నారు. "బావగారూ, పక్కపక్కన రెండు భాషలూ ఉండాలండి. పైవాళ్ళకి ఇంగ్లీషు, మనవాళ్ళకి తెలుగు. అలాంటి ప్రోగ్రాము మీరు చేసి పెడితే, సంఘంలో కంప్యూటరు మనిషిగా మిమ్మల్నే పెట్టుకుంటాం. మీకు చేతకాకపోతే చెప్పండి, మొహమాటం లేదు" అన్నాడు. చేతకాదన్న మాట ఆయన ఎలా అంటాడు? పాత కంప్యూటరు ఒకటి ఇంటికి తెచ్చాడు. మా అత్తగారు దాని నెత్తిన కుంకుమ బొట్టు పెట్టి, నా నూలు చీర చింపి ముసుగు వేసింది. దాని ముందు కూర్చుని అన్నం తింటే ఎంగిలి అవుతుందని పళ్ళెం లాగేసుకునేది.

ముందు అక్షరాలు కావాలి. ఆయన ఎవరి అక్షరాలూ అడిగి తెచ్చుకోలేదు. ప్రెస్సులో వేసిన పాత కాగితాలు దగ్గర పెట్టుకుని, ఎలక లాంటి ఆ పరికరాన్ని చేత్తో జరుపుతూ, ఒక్కొక్క అక్షరాన్నీ తానే గీశాడు. 'అ' గీయడానికి నాలుగు రోజులు పట్టింది. ఒంపు కుదరక చెరిపి గీసి, చెరిపి గీసి, మధ్యాహ్నం కరెంటు పోతే తల పట్టుకునేవాడు. గీస్తూ గీస్తూ ఒకచోట ఆగిపోయాడు. కంప్యూటరులో ఒక అక్షరాల పెట్టెకి రెండు వందల చిల్లర గళ్ళే ఉన్నాయట. మన తెలుగు ఒత్తులతో, గుణింతాలతో అందులో పట్టదు. దానికి ఆయన చేసిన ఉపాయం ప్రెస్సు మనిషి అయితేనే చేస్తాడు. పెట్టె చాలకపోతే రెండు పెట్టెలు పెట్టాడు. పై పెట్టెలో అక్షరాలు, కింది పెట్టెలో ఒత్తులూ గుణింతాలూ. ఒక పేరు కొట్టాలంటే ప్రోగ్రాము ఇక్కడినుంచి ఒకటి, అక్కడినుంచి ఒకటి తీసి పేర్చాలి. మొదటిసారి తెర మీద పేరు కుదురుగా నిలబడ్డ రోజు నన్ను వంటింట్లోంచి పిలిచి, "ఏమే, చూడు. మన పెట్టెలు మళ్ళీ వచ్చాయి" అన్నాడు. ఆయన ముఖం ఆ తర్వాత మళ్ళీ ఎప్పుడూ అలా లేదు.

నాంచారయ్య పంపిన చేతిరాత పుస్తకం చూసి ఆయన రోజుకి కొన్ని పేర్లు కొట్టేవాడు. కాగితం మీద అచ్చు తీసి నా చేతికిచ్చేవాడు. అవన్నీ మా ఊరి పేర్లు, నాకు తెలిసిన మనుషులు. ఒత్తు జారితే నేను పట్టేసేదాన్ని. ఆయన తెర మీదే దిద్ది, మళ్ళీ అచ్చు తీసి, ఆ రోజు పని దాచి మూసేసేవాడు. మర్నాడు కొత్త పేర్లకి కొత్త ఫైలు. అలా నెలల తరబడి సాగింది. దాచినదాన్ని ఒక్కసారి కూడా తిరిగి తెరిచి చూడలేదు. ఎందుకు చూస్తాడు? ప్రెస్సులో అచ్చయిపోయిన పేజీని ఎవరైనా మళ్ళీ ముట్టుకుంటారా? విప్పేసి అక్షరాలు గళ్ళల్లో వేసేస్తాం, అంతే కదా. ముప్పై ఏళ్ళు అలా చేసిన మనిషికి, చేసినదాన్ని మళ్ళీ తెరవాల్సి వస్తుందన్న ఊహే తట్టలేదు. నాకూ తట్టలేదు. విప్పే పని చేసినదాన్ని నేనే గదా.

అన్నీ సిద్ధమయ్యాక, ఫైళ్ళు దాచిన చదరపు ఫ్లాపీ పలకలను రుమాల్లో చుట్టి, స్టీలు టిఫిను డబ్బాలో పెట్టుకుని, ఇద్దరం పొద్దున్నే బస్సెక్కాం. ఆయన దారంతా డబ్బా ఒళ్ళోంచి దించలేదు. సంఘం గదిలో ఒక మూల వలలు, ఒక మూల కంప్యూటరు. జనం కిటికీల దాకా నిండారు. ముందు అచ్చు కాగితాలు పంచాడు. ఎవరి కాగితం వాళ్ళు పట్టుకుని, చదవడం వచ్చినవాళ్ళ చేత చదివించుకుని, మా వాళ్ళు మురిసిపోయారు. మా మేనత్త వరస మాణిక్యమ్మ అయితే కాగితాన్ని చెంపకి ఆనించుకుంది. "అమ్మాయ్, నీ మొగుడు నన్ను అచ్చేశాడే!" అంది. అప్పుడు నాంచారయ్య, "బావగారూ, అచ్చు బ్రహ్మాండంగా ఉందండి. ఈ మాణిక్యమ్మత్త మొగుడు పోయాడు కదా, ఆమె పుస్తకంలో ఆ ఒక్కటీ ఇప్పుడు మార్చి చూపించండి. మాకు రోజూ ఉండే పని అదే" అన్నాడు.

"మార్చడమా?" అన్నాడు మా ఆయన.

"ఆఁ, తెరిచి, దిద్ది, మళ్ళీ దాచడం."

ఆయన పలక లోపల పెట్టాడు. అక్షరాలు ఎక్కించాడు. ఆమె పేరు కొట్టిన రోజు ఫైలు తెరిచాడు. తెర మీద పేర్లు వచ్చాయి. మొదటి అక్షరం బాగానే ఉంది. పక్కన దీర్ఘం ఉండాల్సిన చోట 'ఘ' కూర్చుంది. గుడి ఉండాల్సిన చోట 'ఢ', ఒత్తు ఉండాల్సిన చోట 'ఠ'. ఏ ముక్క ఏ పెట్టెలోదో కంప్యూటరు దాచుకోలేదు. ఎన్నో గడో మాత్రమే దాచుకుంది. తిరిగి తెరవగానే అన్నిటినీ పై పెట్టెలోంచే తీసింది. బళ్ళో చదువుకున్న ఒకాయన ముందుకి వంగి, కూడబలుక్కుని, "మఘ... ణఢ... కఠ... మఛ... ఎవరమ్మా ఈమె? యాగాలు పాడుచేసే రాక్షసిలా ఉంది!" అన్నాడు. గది గదంతా నవ్వు. మాణిక్యమ్మ కూడా నవ్వింది. "ఓరి నాయనా, ఇందాక నన్ను మనిషిని చేశావు, ఇంతలోకే రాక్షసిని చేసేశావు!" అంది. మా ఆయన ఇంకో ఫైలు తెరిచాడు. ఇంకోటి. ఇంకోటి. ప్రతిదీ అంతే. నేను ఉండబట్టలేక, "అది మాణిక్యమ్మత్త పేరే అన్నయ్యా, నాకు తెలుస్తోంది" అన్నాను. నాంచారయ్య చెడ్డవాడు కాదు. మెల్లిగానే అన్నాడు. "నీకు తెలుస్తుందమ్మా. బ్యాంకులో ఎవరికి తెలుస్తుంది?"

తిరిగి వచ్చేటప్పుడు ఉయ్యూరు దాకా ఆయన డబ్బాలోని పలకలు లెక్కపెడుతూ కూర్చున్నాడు. కిటికీ లోంచి చెరుకు తోటలు పోతున్నాయి. ఆ తర్వాత ఒక్క మాట అన్నాడు. "నేను తెరిచి చూడలేదే." మళ్ళీ అదే. "ఒక్కసారి తెరిచి చూడలేదే." బెజవాడ దాకా అదే మాట. కండక్టరు తాగి ఉన్నాడనుకుని అదోలా చూశాడు.

వదిలేయమని నేను అనాల్సింది. అనలేదు. ఇన్నేళ్ళయినా ఆ సంగతి నన్ను వదలదు. కొట్టినవన్నీ పారేసి మొదటినుంచీ కొట్టాలంటే ఆయనకి ప్రాణం ఒప్పలేదు. ఫైళ్ళ లోపల ఉన్నదాన్ని ఉన్నట్టుగా తెరిచి, ప్రతి ముక్క ముందూ ఇది పై పెట్టె, ఇది కింది పెట్టె అని గుర్తు పెడతానన్నాడు. అలా తెరిస్తే తెలుగే కనిపించదు. ఇంగ్లీషు అక్షరాలు, వాటి మధ్య నెత్తిన టోపీలు పెట్టుకున్నవి, కాళ్ళకి కొక్కేలు తగిలించుకున్నవి, రెండేసి చుక్కలు మోసేవి. నేను పక్కన పీట వేసుకుని, అచ్చు కాగితం పట్టుకుని పేరు చదివితే, ఆయన ఆ గీతల్లో వెతుక్కుని గుర్తులు పెట్టేవాడు. కూర చేయడం, పళ్ళెం తియ్యడం, మళ్ళీ పీట మీద కూర్చోవడం. రెండేళ్ళు నా బతుకు అంతే. కొన్నాళ్ళకి నేను కాగితం చూడటం మానేశాను. టోపీ పెట్టుకున్నది 'మ'. గాలంలాంటిది 'ర', కింది పెట్టెదైతే కొమ్ము. ఒక్కో గుర్తుకి రెండు అర్థాలు. మా ఊళ్ళో ఎవరి పేరు ఎలా ఉంటుందో తెలుసు కనక ఏదో ఒకటి కుదిరేది. నాకు ఇంగ్లీషు రాదు కాబట్టి అవి ఇంగ్లీషులా అనిపించలేదు. ఇంకో రకం సీసం అక్షరాల్లా అనిపించాయి. మస్తాన్ ఒకరోజు వచ్చి, నేను తెర చూసి గడగడా పేర్లు చదువుతుంటే గుమ్మంలోనే ఆగిపోయాడు. ఈసారి ఆట పట్టించలేదు. "అన్నయ్యా, చాలు. మనిషివి సగమైపోయావు" అన్నాడు. ఆయన నన్ను తర్వాతి పేరు చదవమన్నాడు. మస్తాన్ పోతూ పోతూ ఆ రెండు పెట్టెల అక్షరాలనూ తన కొట్టుకి అడిగి తీసుకుపోయాడు. "పెళ్ళికార్డుల మీద పేర్ల వరకూ వీటితోనే వేస్తాను. తిరిగి తెరిచే పని ఉండదు" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. మా ఆయనకి అది ఎక్కడ తగిలిందో నేను చూశాను.

గుర్తులన్నీ పెట్టడం అయ్యాక, ఈసారి వందసార్లు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచి చూసుకుని, రెండోసారి బస్సెక్కాం. సంఘంలో పాత కంప్యూటరు లేదు. కొత్తది వచ్చింది. ఆయన ప్రోగ్రాము అందులో ఎలాగో తెరుచుకుంది గానీ, ఆయన గీసిన అక్షరాలను ఆ కొత్తది తీసుకోలేదు, పేర్లు ఉండాల్సిన చోట అక్షరమూ లేదు, గీతా లేదు. ఖాళీ గళ్ళు. వరస వెంబడి వరస, చదరపు ఖాళీ గళ్ళు. అక్షరాలన్నీ గోతాల్లో పోసి పట్టుకుపోయిన తర్వాత మా ప్రెస్సు పెట్టెలూ అప్పుడు అలాగే ఉన్నాయి. ఆయన నాకేసి చూశాడు. అదే గుర్తొచ్చిందని ఇద్దరికీ తెలుసు. నాంచారయ్య ఎటో చూస్తూ, "బావగారూ, పైనుంచి వేరే ప్రోగ్రాము వచ్చేసిందండి. రెండు భాషలూ వస్తున్నాయి. మీకు కబురు చేద్దామనే అనుకున్నా..." అని నసిగాడు. చేపల పులుసుతో అన్నం పెట్టించాడు. మా ఆయన తిన్నాడు. కాదనకుండా తిని, బాగుందని కూడా అన్నాడు.

బెజవాడ వచ్చాక తనకి కంప్యూటరు నేర్పిన మేడం దగ్గరికి నన్నూ వెంటబెట్టుకు వెళ్ళాడు. చిన్న వయసామె, ఎంతో మర్యాద. కుర్చీ వేసి కూర్చోబెట్టి చెప్పింది. "అంకుల్, ఇప్పుడు ప్రపంచంలో అన్ని భాషలకీ కలిపి ఒకటే పెద్ద పట్టీ వచ్చిందండి. ప్రతి అక్షరానికీ ఒక నంబరు. అక్షరం ఎలా కనిపిస్తుందో ఆ ముక్కలు దాచకూడదు, ఎలా పలుకుతామో ఆ వరసలో దాచాలి. కనిపించేలా పేర్చడం కంప్యూటరే చూసుకుంటుంది."

"పేర్చడం కంప్యూటరే చూసుకుంటుందా?" అన్నాడాయన.

"అవునండి."

"మరి నేను?"

ఆమెకి అర్థం కాలేదు. "మీరు కూడా నేర్చుకోవచ్చు అంకుల్, కష్టమేం కాదు. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాలి అంతే" అంది. ఆయన లేచి దణ్ణం పెట్టి వచ్చేశాడు. మెట్లు దిగుతూ, "ముప్పై ఏళ్ళు నేను చేసింది పేర్చడమేనే" అన్నాడు. ఇప్పుడు ఇది రాస్తున్న పద్మ అంటుంది, "పెద్దమ్మా, ఇప్పుడు ఫోనులో మాట్లాడితే తెలుగు అదే పడిపోతుంది, పెట్టెలూ లేవు, ఏమీ లేవు. నీకు చూపించనా?" అని. ఒద్దన్నాను. ఒక మనిషి పదేళ్ళు కళ్ళు పోగొట్టుకున్న పని, నోరు తెరిస్తే అయిపోతోందని చూసి నేనేం చేసుకోను? వాళ్ళకి సుఖమే, నిజమే. అప్పటికంటే ఇప్పుడు బాగుందని అందరూ అంటారు, నేనూ అంటాను. ఆయనకి మాత్రం ఏ కాలమూ అందలేదు. సీసం పని ఆయన చేతికి పూర్తిగా పట్టుబడేటప్పటికి దాని కాలం అయిపోయింది. కంప్యూటరు చేతికి వచ్చేటప్పటికి ఆయన పని అయిపోయింది.

ఆ తరవాత ఆయన ఒక కాలేజీ సైకిల్ స్టాండులో కుదిరాడు. సైకిలుకి ఒక బిళ్ళ, పిల్లాడికి ఒక బిళ్ళ. వాటి మీద అంకెలే ఉంటాయి. కంప్యూటరు మీద ముసుగు మళ్ళీ తీయలేదు. నేను మధ్యాహ్నం క్యారేజీ పట్టుకెళితే, రేకుల నీడలో కూర్చుని బిళ్ళలు వరసగా తీగకి గుచ్చుతూ ఉండేవాడు. "హాయిగా ఉందే ఇక్కడ. చదవాల్సింది ఏమీ లేదు" అన్నాడు ఒకసారి. చేతులకి మరకలు లేవు. మా అత్తగారికి అప్పటికి చూపు పోయింది గానీ, కొడుకు రాగానే అలవాటుగా చింతపండు నానబెట్టమనేది. ఆయన ఆ శుభ్రమైన చేతులనే తోముకునేవాడు. రెండేళ్ళు ఆ పని చేసి, ఒక ఎండాకాలం పొద్దున బిళ్ళలు గుచ్చుతూ గుచ్చుతూ పక్కకి ఒరిగాడట. ఆసుపత్రికి చేర్చేలోగా అయిపోయింది.

పెద్దకర్మ కార్డులు మస్తాన్ వేయిస్తానన్నాడు. మూడోరోజు కట్ట పట్టుకుని వచ్చి వసారాలో కూలబడి ఏడ్చాడు. "తప్పయిపోయింది వదినా. మిగతాదంతా మామూలు అక్షరాల్లో కొట్టి, పేరు మాత్రం అన్నయ్య గీసిన అక్షరాల్లో పెద్దగా పెట్టాను. అచ్చువేసేచోట వాళ్ళ కంప్యూటరులో ఆ అక్షరాలు లేవు. ముహూర్తాల రద్దీలో ఎవడూ చూసుకోలేదు. ఇంగ్లీషు పేరేమో అనుకున్నారట" అన్నాడు. కార్డు మీద ఆయన ఫోటో, కింద స్వర్గస్థులైనారని తేటగా ఉంది. మధ్యలో పేరు ఉండాల్సిన చోట లావుపాటి ఇంగ్లీషు గీతలు, టోపీలు, కొక్కేలు. వచ్చిన ఆడవాళ్ళు చేతులు మార్చుకుని చూసి, నోరు నొక్కుకున్నారు. మా అత్తగారు గోడకి చేరగిలబడి, "ఏం రాసుందిరా వాడి పేరు? చదవండి, వింటాను" అంది. ఆమె మళ్ళీ అడిగింది. "చదవరేం?"

నేను మూల నుంచి చెయ్యి చాపి కార్డు తీసుకున్నాను. మాలో మొగుడి పేరు ఆడది నోటితో పలకదు. బతికున్నన్నాళ్ళూ నేను పలకలేదు. రేషను కార్డు దగ్గర కూడా పక్కవాళ్ళ చేత చెప్పించేదాన్ని. గీతల మీద వేలు పెట్టి, ఒక్కొక్క ముక్కా, ఏది పై పెట్టెదో, ఏది కింది పెట్టెదో చూసుకుంటూ, "కృష్ణమూర్తి" అని చదివాను. మా అత్తగారు తల ఊపింది. "ఆఁ, వాడే" అంది.

మస్తాన్ ఆ కట్ట పట్టుకుపోయి, సాయంత్రానికల్లా మళ్ళీ వేయించుకొచ్చాడు. ఈసారి పేరు శుభ్రంగా ఉంది. ఒత్తులు వాటి చోట ఉన్నాయి, అందరూ చదివారు. అందులో ఆయన గీసిన అక్షరం ఒక్కటీ లేదు.